మొరాయించిన మర

రీల్ అనగానే మన బొటనవేలు దానంతటదే పైకి జరుగుతుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి. నేను చెప్పబోయేది ఆ రీల్ గురించి కాదు. గాలం కర్రకి బిగించి, పిడి తిప్పుతూ దారం చుట్టుకునే చేపల రీలు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ రీలులో బిగుసుకుపోయిన ఒక మర గురించి.

బిగుసుకున్న మరని ఎలా విప్పాలో ఫోన్లో వెతికి చూడండి. నలభై సెకన్లలో విప్పేసే వీడియోలు వరసకట్టి వస్తాయి. మాకు మాత్రం ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఏం చేశామో, ఎందుకు చేశామో చెప్తాను. మీ ఇంట్లోనూ ఏ అటక మీదో, ఏ బీరువా కిందో, తిరగనని మొండికేసిన మర ఒకటి ఉండే ఉంటుంది కదా.

మాది తాడేపల్లిగూడెం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకో వారం ఇంటి నుంచి పని చేసుకోవచ్చు కాబట్టి ఆ వారం గూడెంలో వాలిపోతాను. మా వీధి చివరే మావయ్య వాళ్ళిల్లు. ఆయన 1998లో డ్రైవర్‌గా మస్కట్ వెళ్ళి 2014లో తిరిగొచ్చేశాడు. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెంటు సీసాలు తెస్తారు, దుప్పట్లు తెస్తారు, వీలైతే కాస్త బంగారం తెస్తారు. మావయ్య వాటితో పాటు ఒక జపాన్ రీలు తెచ్చాడు. శుక్రవారం సెలవు రోజున అక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని చేపలు పట్టేవాడట. ఒక నెల ఓవర్‌టైం డబ్బంతా దానికే పోసి కొన్నాడని నాకొక్కదానికే తెలుసు. ఇది చదివాక అత్తయ్యకీ తెలుస్తుంది.

నాకు గాలం వెయ్యడం నేర్పింది ఆయనే. అప్పుడు నేను ఇంటర్. ఆడపిల్లకి ఈ చేపల పిచ్చేంటని అమ్మ సణుగుతుంటే, "దానికి ఓపిక నేర్పుతున్నానే అక్కా" అనేవాడు. ఆకివీడు వైపు ఉప్పుటేరు గట్టున పండుగప్ప కోసం పొద్దుటి నుంచీ కూర్చున్న రోజులున్నాయి. తర్వాత నేను ఇంజనీరింగ్‌లో, ఆయన ట్రావెల్స్ పనిలో పడిపోయాం. రీలు అటకెక్కింది.

పోయినేడాది మావయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు. ఇప్పుడు నడుస్తున్నాడు, మాట బాగానే ఉంది. ఎడమ చెయ్యి పైకి లేస్తుంది గానీ వేళ్ళకి పట్టు రాలేదు. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. ఆ బంతి మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉండేది. ఏమన్నా అంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలాంటి మనిషి ఒకరోజు తనంతట తానే, "అమ్మాయ్, అటక మీద రీలు ఉండాలి, తియ్యవే" అన్నాడు. ఇంట్లో అందరం మొహాలు చూసుకున్నాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కుడిచేతివాటం వాళ్ళు సాధారణంగా కర్రని కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో రీలు పిడి తిప్పుతారు. మావయ్య రీలుకి పిడి ఎడమవైపే ఉంది. ఆ పిడి పట్టుకోగలిగే వేళ్ళే ఇప్పుడు లేవు. కానీ ఇలాంటి స్పిన్నింగ్ రీళ్ళకి పిడిని అటు నుంచి ఇటు మార్చుకునే వీలుంటుంది. కుడివైపున్న ఒక మర విప్పితే పిడి బయటికొచ్చేస్తుంది. దాన్ని కుడివైపు నుంచి దూర్చి, మరని ఎడమవైపు నుంచి బిగిస్తే సరి. గట్టున పంగలకర్ర పాతి, గాలం కర్రని దాని మీద ఆనిస్తే కుడిచేత్తో తిప్పుకోవచ్చు. మావయ్య ఇదంతా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

మర కదల్లేదు.

ఎందుకు కదల్లేదో అర్థం కావాలంటే మా నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి దాంట్లోకి నీళ్ళు తెస్తాయి. అక్కడి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలం సరస్సు నీళ్ళు దిగువకి పోతాయి. ఎండాకాలం వచ్చి పైనుంచి నీళ్ళు తగ్గితే, పోటుతో పాటు సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నుతుంది. ఆ నీళ్ళలో మునిగిన ఇనుము ఏదైనా నాలుగు రోజులకే రంగు మారుతుంది. మావయ్య రీలు పదహారేళ్ళు మస్కట్ సముద్రపు ఉప్పు తిని, పైన మన ఉప్పుటేరు ఉప్పు కూడా తిన్నది.

అయితే ఆ మర మీద తుప్పు లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి తళతళలాడుతూనే ఉంది. అసలు కథ అది దూరిన చోట ఉంది. పిడి కాడ అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే ఏమవుతుందో మనందరం కెమిస్ట్రీలో చదివాం, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. అది ఒక బ్యాటరీ అవుతుంది. 1800లో వోల్టా చేసిన మొదటి బ్యాటరీ కూడా అంతే. రెండు రకాల లోహపు బిళ్ళలు, వాటి మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ లేదా అట్ట. ఆ బ్యాటరీ నడుస్తున్నంతసేపూ రెండు లోహాల్లో ఒకటి కరిగిపోతూ ఉంటుంది. మా రీలులో కరిగింది అల్యూమినియం. అలా కరిగినది తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. మర చుట్ల మధ్య అంత చోటెక్కడిది? దాంతో సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది.

ఇది చేపల రీళ్ళకే వచ్చే రోగం కాదు. న్యూయార్క్‌లోని స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి బయట రాగి రేకు, లోపల ఇనుప చట్రం. రెండిటి మధ్యా పెట్టిన అడ్డుపొర కాలక్రమంలో పాడైపోయింది. సముద్రపు గాలి, తేమ చేరి లోపలి ఇనుప పట్టీలు ఉబ్బి తినేశాయి. 1984 నుంచి 1986 వరకు మరమ్మతు చేసి ఆ పట్టీలన్నీ మార్చాల్సొచ్చింది. అంత పెద్ద విగ్రహానికైనా, మా మావయ్య రీలుకైనా జబ్బు ఒకటే.

మా వెనకవీధిలో ఒక బాబాయి ఉన్నాడు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రిపేరు చేస్తాడు. మా వైపు వచ్చినవాళ్ళు చూసే ఉంటారు, చెరువుల్లో రాత్రీపగలూ నీళ్ళని చిలుకుతూ తెడ్డుచక్రాలు తిరుగుతుంటాయి. అర్ధరాత్రి ఒక ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య నీళ్ళ మీద తేలుతుంది. చీకట్లో, ఉప్పునీళ్ళలో నిలబడి, బిగుసుకుపోయిన బోల్టు విప్పడమే ఆయన బతుకుతెరువు. రీలు తీసుకెళ్ళి చూపించాను. చేతిలోకి తీసుకున్నాడు గానీ మరని ముట్టుకోలేదు. చుట్టూ తిప్పి చూసి అన్నాడు:

"బలం పెడితే మర రాదమ్మా, తల ఊడొస్తాది. ముందు అదెందుకు పట్టేసిందో చూసుకోవాల. తొందరేం లేదుగా?"

లేదన్నాను. "ఆయ్, అయితే వస్తాది" అన్నాడు.

మొదటి రోజు శుభ్రం చెయ్యడంతోనే సరిపోయింది. పాత టూత్‌బ్రష్, గోరువెచ్చటి నీళ్ళు. గాట్లో ఉన్న మట్టి, ఉప్పు పోతేనే స్క్రూడ్రైవర్ అడుగు దాకా దిగుతుంది. బాగా ఆరాక నూనె. మనందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 అసలు ఇందుకు పుట్టింది కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో, లోహం మీద తేమని తరిమెయ్యడానికి తయారుచేశారు. నలభయ్యోసారికి కుదిరిందని ఆ పేరు. మామూలు తుప్పుకి పనిచేస్తుంది. పట్టేసిన మరలకైతే చుట్ల మధ్యకి పాకి దిగే నూనెలు వేరే ఉన్నాయి. ఆసిటోన్‌లో గేర్ ఆయిలు కలిపి పోసేవాళ్ళూ ఉన్నారు. రీలుకి మాత్రం అది వద్దన్నాడు బాబాయి. ఆసిటోన్ తగిలితే రంగు లేచిపోతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఒక్కో చుక్క నూనె వేసి, రాత్రంతా అలా వదిలెయ్యమన్నాడు.

రెండో రోజు స్క్రూడ్రైవర్ కొలతలు. మర తల మీద రూపాయి బిళ్ళ పట్టేంత గాటు ఉంది. అందరూ బిళ్ళ పెట్టే తిప్పుతారు. బిళ్ళ అంచు గుండ్రం. గాటులో నడిమధ్యనే ఆనుతుంది, జారితే గాటు అంచు పోతుంది. బాబాయి ఒక వెడల్పాటి స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో రాసి రాసి, గాటులో ఆ చివర నుంచి ఈ చివర దాకా అతికినట్టు కూర్చునేలా చేశాడు. దాని వెనక చెక్క పిడితో టక్ టక్‌మని చిన్న దెబ్బలు. పగలగొట్టడానికి కాదు, లోపలి పొడి పొరకి పగుళ్ళు ఇచ్చి నూనెకి దారి చెయ్యడానికి. ఆ రోజూ కదల్లేదు. ఆయనేమీ అనుకోలేదు. మళ్ళీ రెండు చుక్కలు నూనె వేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మూడో రోజు వేడి. దారం చుట్టిన స్పూలు ముందే పీకేశాం, నైలాన్ దారం వేడికి ఆగదు కాబట్టి. పైకి కనిపించే నూనె గుడ్డతో తుడిచేశాం, నూనె మీద వేడి పెట్టకూడదు. మంట దగ్గరికి కూడా పోలేదు. నా హెయిర్ డ్రయ్యర్ పట్టుకొచ్చాను. ఇక్కడ నా ఇంజనీరింగ్ బుర్ర కొంచెం పనికొచ్చింది. వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే మూడో వంతు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మర లోపల ఉంది, అల్యూమినియం బయట ఉంది. రెండిటినీ కలిపి వేడి చేస్తే బయటిది కొంచెం ఎక్కువ విచ్చుకుంటుంది. ఎంత? ఐదు మిల్లీమీటర్ల మర, యాభై డిగ్రీల వేడి అనుకుని లెక్క వేశాను. మిల్లీమీటరులో వెయ్యో వంతుకి కాస్త ఎక్కువ. అంటే తలవెంట్రుక మందంలో నలభయ్యో వంతు కూడా కాదు. "అంతేనా?" అన్నాను నీరసంగా. "సరిపోద్దమ్మా, ఒకసారికి కాదుగా" అన్నాడు బాబాయి. వేడి చెయ్యడం, చల్లారనివ్వడం, చల్లారేటప్పుడు ఒక చుక్క నూనె. నాలుగుసార్లు చేశాం.

నాలుగో రోజు బాబాయి మావయ్య దగ్గరికే వచ్చాడు. రీలుని బెంచి వైస్‌లో బిగిస్తే ఒళ్ళంతా గీతలు పడతాయి. తువ్వాలులో చుట్టి, "గురువుగారూ, మీరు గుండెకి ఆనించి పట్టుకోండి" అన్నాడు. మావయ్య ఎడమ చేతిని చుట్టూ వేసి అదుముకున్నాడు. వేళ్ళకి పట్టు లేదు గానీ మోచేతికి ఉంది. బాబాయి స్క్రూడ్రైవర్ పెట్టాడు. విప్పే వైపు కాదు, బిగించే వైపు తిప్పాడు. నేను ఆగమనబోయాను. అప్పుడే "టిక్" అని చిన్న చప్పుడు. మర వెంట్రుకవాసి కదిలింది.

పట్టేసిన మరని ముందు కొంచెం బిగించాలట. ఏ వైపు తిరిగినా పొర పగులుతుంది, పగిలితే చాలు. అక్కడి నుంచి పావుచుట్టు వెనక్కి, మళ్ళీ కొంచెం ముందుకి. బరువు తెలియగానే ఆపి నూనె. తెల్లటి పొడి ముద్దలా బయటికి రావడం మొదలుపెట్టింది. మావయ్య కళ్ళార్పకుండా చూస్తున్నాడు. కాసేపటికి అన్నాడు, "డాక్టరమ్మ చెప్పేది కూడా ఇదేగా. కొంచెం ముయ్యి, కొంచెం తెరువు, నొప్పి తెలిస్తే ఆపు, మళ్ళీ చెయ్యి."

ఎవరం ఏమీ అనలేదు. అత్తయ్య లోపలికెళ్ళి మంచం కిందున్న బంతి తీసి, కడిగి, ఆయన పక్కన పెట్టింది.

ఐదో రోజు పొద్దున మర పూర్తిగా బయటికొచ్చింది. పిడి ఊడొచ్చింది. అయితే ఏళ్ళ తరబడి వాడక లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి, తిప్పుతుంటే బరువుగా ఉంది. పక్కమూత తీసి కడిగితే బాగుంటుంది. ఆ మూతకి మూడు చిన్న ప్లస్ మరలు. రెండు వచ్చాయి. మూడోదాని తల అప్పటికే అరిగి గుంటపడి ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఎక్కడో రిపేరుకి ఇచ్చినప్పుడు జరిగిందది.

ప్లస్ మరలన్నీ ఒకటి కావు, ఈ సంగతి చాలామందికి తెలీదు. మనం వాడేది ఫిలిప్స్ రకం. హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికన్ పేరు మీద 1936లో పేటెంట్లు వచ్చాయి. కార్ల ఫ్యాక్టరీలు దాన్ని వెంటనే అందుకున్నాయి. జపాన్ వస్తువుల్లో ఉండేది జేఐఎస్ అనే వేరే కొలత. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. కానీ జేఐఎస్ మరలో ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అడుగు దాకా దిగదు. కొంచెం బలం పెట్టగానే పైకి లేచి, గాటు అంచులు కొరికేస్తుంది. చాలా జేఐఎస్ మరల తల మీద సూదిమొనంత చుక్క ఒకటి ఉంటుంది, అదే గుర్తు. జపాన్ రీలు మీ చేతికొస్తే ముందు ఆ చుక్క కోసం చూడండి. జేఐఎస్ స్క్రూడ్రైవర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

తల అరిగిన మరకి కూడా వరస ఉంది. ముందు సైకిల్ ట్యూబు ముక్క మధ్యలో పెట్టి అదిమి తిప్పడం. కుదరకపోతే స్క్రూడ్రైవర్ మొనకి వాల్వ్ గ్రైండింగ్ పేస్టు రాయడం. ఇంజన్ వాల్వులు నూరే ఈ గరుకు ముద్ద ఏ బైకు మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. ఆ రవ్వ లోహాన్ని కరిచి పట్టుకుంటుంది. అదీ కాకపోతే చిన్న రంపం ముక్కతో తల మీద కొత్త గాటు కొయ్యడం. చివరాఖరికి డ్రిల్లుతో తల ఎగరగొట్టి, మూత తీశాక మిగిలిన కాడని పట్టకారుతో తిప్పడం. ఇంకో మాట. ఏ మరైనా మొండికేస్తే, అది ఎటు తిరిగేదో ఒకసారి అనుమానించండి. కొన్ని రీళ్ళలో కొన్ని మరలు ఉల్టా ఉంటాయి. మనం విప్పుతున్నామనుకుంటూ బిగిస్తుంటాం.

ట్యూబు ముక్కకి రాలేదు, పేస్టుకీ రాలేదు. గుంటలో మర కాబట్టి రంపం అందదు. "డ్రిల్లు వేసేద్దామా?" అన్నాడు బాబాయి. వేస్తే వస్తుంది. చెయ్యి ఒక్క పిసరు జారితే అల్యూమినియం ఒంట్లో మర చుట్లు పోతాయి, మూత ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. ఇంత పాత రీలుకి విడిభాగం దొరుకుతుందని నమ్మకం లేదు. నాకు మాత్రం వేసేద్దామనే ఉంది. మూడింట్లో రెండు వచ్చి ఒకటి ఉండిపోతే ఇంజనీరుకి నిద్ర పట్టదు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "మూత తీసి చూసుకోడానికి కాదే నాకు రీలు. తిరిగితే చాలు."

రెండు మరలూ మళ్ళీ బిగించేశాం. పిడి తీసేసిన రంధ్రం రెండువైపులా తెరుచుకుని ఉంది కదా, అందులోంచి సన్న నూనె చుక్కలు చుక్కలుగా వదిలి, తిప్పి, వంచి, తుడిచి, మళ్ళీ వదిలాం. నల్లటి జిడ్డు కొంత కారింది. కొత్త రీలంత తేలిగ్గా కాలేదు. కానీ తిరిగింది. పెద్ద మర చుట్లకి పలచగా గ్రీజు రాసి, ఈసారి కుడివైపు పిడి పెట్టి బిగించాం. ఆ గ్రీజు జారడానికి మాత్రమే కాదు. రెండు లోహాల మధ్యకి ఉప్పునీళ్ళు చేరకుండా అడ్డుపొర కూడా అదే.

ఇప్పుడు ఆదివారాలు నిడమర్రు వైపు బంధువుల చేపల చెరువు గట్టున మావయ్యకి కుర్చీ వేస్తున్నాం. కొల్లేరులోకి వెళ్ళం. 1999 నుంచి అది అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడి చేపలు కొంగలవీ, గూడబాతులవీ. చెరువు గట్టున పంగలకర్ర మీద గాలం ఆని ఉంటుంది. కుడిచెయ్యి రీలు తిప్పుతుంది. ఎడమ అరచెయ్యి కర్ర మొదలు కదలకుండా అదిమి పట్టుకుంటుంది. డాక్టరమ్మని అడిగితే, బంతి వ్యాయామం మానకుండా ఇది కూడా చేసుకోమంది. చేపలంటారా, మొదటి ఆదివారం ఒక్కటీ పడలేదు. రెండో వారం జానెడు జెల్ల ఒకటి పడితే, దాన్ని చూసి ఆయన నవ్విన నవ్వు ఏడాదిగా ఎవరం చూడలేదు.

మీ దగ్గర రీలు ఉంటే, ఉప్పునీళ్ళకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు పలచగా చిలకరించి కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికి దూరుతుంది. నీడలో ఆరబెట్టి, ఏడాదికోసారైనా పిడి మర విప్పి గ్రీజు రాయండి. అటక మీద పెట్టేటప్పుడు కూడా ఇదంతా చేసే పెట్టండి.

మూతకున్న మూడో మర అలాగే ఉంది. దాని తల మీద మావయ్య అత్తయ్య నెయిల్ పాలిష్‌తో ఎర్రటి చుక్క పెట్టించాడు. రేపెప్పుడైనా ఎవరైనా విప్పబోతే, ఇది రాదని, బలం పెట్టొద్దని వాళ్ళకి తెలియాలట.